దేవదూతల పేర్లు పిల్లలకు పెట్టాలనుకునేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

అమ్మాయికి ఏంజెల్ అనో, అబ్బాయికి గాబ్రియేల్ అనో రిజ్వాన్ అనో పేరు అనుకున్నాక ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ‘దానికి అర్థం ఏమిటి?’ అన్నదే. వెతికితే దొరికే జాబితాల్లో మాత్రం ప్రతి పేరుకూ ‘దేవదూత, వెలుగు, అందం’ అనే మూడు మాటలే అటూ ఇటూ మార్చి రాసి ఉంటాయి. నిజానికి ఈ పేర్లలో చాలావాటికి దేవదూత అనే అర్థమే లేదు. అవి దేవుడి గురించి చెప్పే పొట్టి వాక్యాలు. కొన్ని అయితే ప్రశ్నలు కూడా.

దేవదూతల పేర్లు అని వేటిని అంటారు?

మూడు రకాల పేర్లను ఒకే గాటన కట్టేస్తుంటారు. మొదటి రకం దూతల సొంత పేర్లు: మిఖాయేలు, గబ్రియేలు, రఫాయేలు, జిబ్రీల్, మీకాయీల్. రెండో రకంలో ‘దూత’ అనే మాటే పేరుగా మారింది: ఏంజెల్, ఏంజెలా, మలక్, ఫరిష్తా, తుర్కీలో మెలెక్. మూడో రకం దూతల వర్గాల నుంచీ వారి పనుల నుంచీ బిరుదుల నుంచీ వచ్చినవి: సెరాఫీనా, ఎవాంజలిన్, రూహుల్ అమీన్. అర్థం వెతికేటప్పుడు మీ పేరు వీటిలో ఎక్కడ పడుతుందో ముందుగా చూసుకుంటే సగం గందరగోళం పోతుంది.

‘ఏంజెల్’ అంటే అసలు అర్థం ఏమిటి?

కబురు తెచ్చేవాడు. అంతే. గ్రీకులో ‘ఆంగెలోస్’ అంటే వార్తాహరుడు. ఒక రాజు ఇంకో రాజు దగ్గరికి పంపిన మామూలు మనిషిని కూడా అదే మాటతో పిలిచేవారు. హీబ్రూలో దీనికి సమానమైన మాట ‘మలాఖ్’. దాన్నీ మనుషులకూ దేవుడు పంపినవారికీ ఒకేలా వాడారు. యూదుల గ్రంథాలను గ్రీకులోకి తెచ్చినప్పుడు మలాఖ్ ఉన్నచోట ఆంగెలోస్ వచ్చింది, అక్కడి నుంచి లాటిన్‌లో ‘ఆంగెలుస్’ అయింది, మిగతా ఐరోపా భాషలు దాన్ని తీసుకున్నాయి.

అందం, తెల్లని దుస్తులు, రెక్కలు ఈ మాటలో లేవు. ఆదికాండంలో అబ్రాహాము ఇంటికి వచ్చి భోజనం చేసినవారు చూపుకు మామూలు మనుషులే. క్రైస్తవ చిత్రకళలో దూతలకు రెక్కలు నాలుగో శతాబ్ది చివరి నుంచి కనిపిస్తాయి. పాత నిబంధన చివరి గ్రంథం పేరు మలాకీ కూడా ఈ మలాఖ్ నుంచే వచ్చింది. దాని అర్థం ‘నా దూత’.

మరి ‘దేవదూత’ అనే తెలుగు మాట బైబిలు అనువాదంతోనే వచ్చిందా?

కాదు. అది మహాభారతంలోనే ఉంది, పాత్రగా కూడా ఉంది. అరణ్యపర్వంలో ముద్గలుడి కథ గుర్తు తెచ్చుకోండి. కురుక్షేత్రంలో రాలిన గింజలు ఏరుకుని ఉంఛవృత్తితో బతికే మనిషి ఆయన. దుర్వాసుడు పదేపదే వచ్చి ఉన్నదంతా తినిపోయినా ఆయన ముఖం చిన్నబోలేదు. చివరికి ఒక దేవదూత విమానం తెచ్చి స్వర్గానికి రమ్మంటాడు. ముద్గలుడు వెంటనే ఎక్కడు. ‘అక్కడి మంచీ చెడూ ముందు చెప్పు’ అంటాడు. పుణ్యం తరిగిపోగానే కిందికి పడక తప్పదని దూత దాచకుండా చెబుతాడు. అయితే నాకొద్దని ముద్గలుడు విమానాన్ని తిప్పి పంపేస్తాడు. స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజుకు నరకపు దారి చూపించేవాడూ దేవదూతే.

బైబిలు అనువాదకులు చేతికి అందిన ఈ మాటను తీసుకున్నారు, అది చక్కగా ఇమిడింది. కతోలికుల పాత ప్రార్థనల్లో ‘సన్మనస్కులు’ అనే ఇంకో మాట వినిపిస్తుంది. నా మట్టుకు నాకు ఆ మాటే ఇష్టం, కానీ దాన్ని పేరుగా పెట్టుకున్నవారిని నేనెప్పుడూ చూడలేదు.

మిఖాయేలు, మైఖేల్ పేరుకు అర్థం ఏమిటి?

‘దేవునివంటివాడు ఎవడు?’ అని. హీబ్రూలో ‘మీ’ అంటే ఎవడు, ‘కా’ అంటే వంటి, ‘ఏల్’ అంటే దేవుడు. ఎవడూ లేడన్న జవాబు ప్రశ్నలోనే ఉంది. చాలా జాబితాల్లో దీన్ని ‘దేవునివంటివాడు’ అని రాస్తారు. అది తప్పు మాత్రమే కాదు, పూర్తిగా తలకిందులు. పేరు చెప్పేది అలాంటివాడు లేడని. మీకా ప్రవక్త పేరులోనూ ఇదే ప్రశ్న ఉంది, చివర ఏల్ బదులు యెహోవా పేరులోని మొదటి భాగం చేరుతుంది.

దానియేలు గ్రంథంలో మిఖాయేలు ఇశ్రాయేలు ప్రజల పక్షాన నిలిచే అధిపతి. ప్రకటన గ్రంథం 12వ అధ్యాయంలో ఘటసర్పంతో యుద్ధం చేసేది ఆయనే. యూదా పత్రిక ఆయనను ‘ప్రధానదూత’ అంటుంది. అందుకే బొమ్మల్లో కత్తి, కవచం. సైనికులూ పోలీసులూ ఆయనను తమ పాలకునిగా, అంటే తమను కాపాడే పునీతునిగా చెప్పుకుంటారు.

ఇంత వ్యాపించిన దూత పేరు మరొకటి లేదు. స్పానిష్‌లో మిగెల్, ఫ్రెంచిలో మిషెల్, రష్యన్‌లో మిఖాయిల్, ఇటాలియన్‌లో మికేలె, అరబీలో మీకాల్ లేదా మీకాయీల్. అమెరికాలో మగపిల్లలకు పెట్టిన పేర్లలో 1954 నుంచి 1998 వరకు, 1960 ఒక్కటి మినహా, ప్రతి ఏడాదీ మైఖేలే మొదటి స్థానంలో ఉంది. శిల్పి మికెలాంజెలో పేరు విడదీస్తే మిఖాయేలు, ఆ వెనకే దూత. దూత పేరుకు దూత అన్న మాటే తోక అయిందన్నమాట.

గబ్రియేలు సంగతి?

‘గెవెర్’ అంటే బలమైన పురుషుడు, ‘గెవూరా’ అంటే బలం. కాబట్టి ‘దేవుడు నా బలం’ అనీ ‘దేవుని వీరుడు’ అనీ రెండు రకాలుగా చెబుతారు, రెండూ సరైనవే. దానియేలుకు దర్శనాల భావం వివరించినవాడు, లూకా సువార్తలో జెకర్యాకు యోహాను పుట్టుకనూ మరియకు యేసు పుట్టుకనూ తెలిపినవాడు గబ్రియేలే. ముసలితనంలో కొడుకా అని సందేహించిన జెకర్యాకు మాట పడిపోయింది. ఇస్లాంలో జిబ్రీల్ ప్రవక్త ముహమ్మద్‌కు ఖురాన్ అందించిన దూత. దూత అనే మాటకు పూర్తి న్యాయం చేసినవాడు ఈయనే, ఎక్కడ కనిపించినా కబురుతోనే వస్తాడు. పోపు పన్నెండవ పయస్ 1951లో గబ్రియేలును టెలిఫోను, రేడియో వంటి దూరసమాచార రంగాలకు పాలక పునీతుడిగా ప్రకటించారు. ఆ ఎంపికలో కాస్త చమత్కారం కూడా ఉందనిపిస్తుంది.

రఫాయేలు మా బైబిలులో కనిపించడు, ఎందుకు?

మీరు వాడేది ప్రొటెస్టంటు బైబిలు అయి ఉంటుంది. రఫాయేలు కథ తోబితు గ్రంథంలో ఉంది. అది యూదుల హీబ్రూ గ్రంథాల వరుసలో చేరలేదు, గ్రీకు అనువాదం ద్వారా క్రైస్తవులకు అందింది. ప్రొటెస్టంట్లు దాన్ని పక్కన పెట్టారు, 1546లో ట్రెంట్ మహాసభ కతోలికుల కోసం దాన్ని ఖాయం చేసింది. తెలుగు కతోలిక బైబిలులో ఆ గ్రంథం ఉంటుంది. మృత సముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో దాని అరామిక్, హీబ్రూ ప్రతుల ముక్కలు కూడా దొరికాయి.

కథ తెలిస్తే పేరు దానంతట అదే అర్థమవుతుంది. తోబితు నీనెవెలో ఉండే ధర్మాత్ముడు, పక్షి రెట్ట కళ్లలో పడి చూపు పోగొట్టుకుంటాడు. దూరదేశంలో దాచిన డబ్బు తెమ్మని కొడుకు తోబియాను పంపుతూ, దారి తెలిసిన ఒక మనిషిని తోడు మాట్లాడతాడు. ఆ తోడు వచ్చినవాడు మారుపేరుతో వచ్చిన రఫాయేలు. వెంట ఒక కుక్క కూడా నడుస్తుంది. దారిలో నదిలో పట్టిన చేప పిత్తం దాచమని రఫాయేలు చెబుతాడు, ఇంటికి తిరిగి వచ్చాక దానితోనే తోబితు కళ్లు బాగవుతాయి. ‘రాఫా’ అంటే నయం చేయడం. ‘దేవుడు స్వస్థపరిచాడు’ అన్నది రఫాయేలు అర్థం. యూదుల్లో ఎవరైనా తీవ్రంగా జబ్బుపడితే వారి పేరుకు కొత్తగా రఫాయేలు అని చేర్చే ఆచారం ఉంది. ప్రయాణికులకూ వైద్యులకూ అంధులకూ ఈయన పాలకుడు. చిత్రకారుడు రాఫెల్ పేరూ ఇదే.

పిల్లవాడికి దూత పేరు పెట్టాలని అడిగితే నేను మొదట చెప్పేది ఇదే. అర్థం మెత్తనిది, కథ ఉన్నది, పలకడానికి తేలిక, మైఖేల్‌లా తరగతికి నలుగురు ఉండరు.

ఊరియేలు నాలుగో ప్రధానదూతేనా?

యూదుల రాత్రి ప్రార్థనలో కుడివైపు మిఖాయేలు, ఎడమవైపు గబ్రియేలు, ముందు ఊరియేలు, వెనక రఫాయేలు ఉండాలని కోరుకుంటారు. హనోకు గ్రంథంలోనూ ఎజ్రా పేరుతో ఉన్న ఒక తరువాతి గ్రంథంలోనూ ఊరియేలు కనిపిస్తాడు. కానీ ఆ గ్రంథాలు కతోలిక బైబిలులో లేవు. 745లో పోపు జకరీ కాలంలో జరిగిన రోము సభ, ఒక బోధకుడు తయారు చేసిన దూతల పేర్ల ప్రార్థనను ఖండించింది. ఆ జాబితాలో మొదటి పేరు ఊరియేలే. పేరుగా పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు. ‘దేవుడు నా వెలుగు’ అని అర్థం. బత్షెబ భర్త ఊరియా పేరు కూడా ఈ వెలుగు మాట నుంచే వచ్చింది.

‘ఏలు’తో ముగిసేవన్నీ దేవదూతల పేర్లేనా?

ఇది చాలా ఎక్కువగా కనిపించే పొరపాటు. ఏల్ అంటే దేవుడు, దూత కాదు. సమూయేలు, దానియేలు, యోవేలు, యెహెజ్కేలు, ఇష్మాయేలు, నతనయేలు అందరూ మనుషులే. దానియేలు అంటే ‘దేవుడు నా న్యాయాధిపతి’, ఇష్మాయేలు అంటే ‘దేవుడు వింటాడు’, నతనయేలు అంటే ‘దేవుడు ఇచ్చాడు’. మన దేవదత్తుడు, దైవదత్తం అన్న పేర్ల వరుసలోదే ఈ చివరిది.

అరీయేలు విషయంలో గందరగోళం ఇంకాస్త ఎక్కువ. ‘దేవుని సింహం’ అని చెప్పే ఈ పేరు యెషయా 29వ అధ్యాయంలో యెరూషలేము నగరానికి వాడిన పేరు. దూతగా మారింది చాలా తరువాతి కాలపు మంత్రగ్రంథాల్లో. జాబితాలు మాత్రం అరియెల్‌ను ‘ప్రకృతి దేవదూత’ అని నిస్సంకోచంగా రాసేస్తాయి.

అయితే మనుషులకు దూతల పేర్లు పెట్టారా, దూతలకు మనుషుల పేర్లు పెట్టారా?

మంచి ప్రశ్న. బైబిలులో మిఖాయేలు అనే మనుషులు చాలామంది ఉన్నారు. మోషే కనాను దేశాన్ని చూసి రమ్మని పంపిన పన్నెండుమందిలో సెతూరు తండ్రి పేరు మిఖాయేలు. దినవృత్తాంతాల గ్రంథంలో రెఫాయేలు, ఊరియేలు అనే లేవీయులు ఉన్నారు. పాత కథల్లో వచ్చే దూతలకు సొంత పేర్లే ఉండవు. సమ్సోను తండ్రి మానోహ ‘నీ పేరేమిటి?’ అని అడిగితే దూత చెప్పనే చెప్పడు. పేర్లున్న దూతలు హీబ్రూ బైబిలు మొత్తంలో కనిపించేది దానియేలు గ్రంథంలోనే, అక్కడా ఇద్దరే.

యూదుల ధర్మవ్యాఖ్యాన గ్రంథమైన యెరూషలేము తల్ముదులో దీనికి ఒక సూటి జవాబు ఉంది. నెలల పేర్లూ దూతల పేర్లూ చెర నుంచి తిరిగి వస్తూ బబులోను నుంచి వెంట తెచ్చుకున్నవని అక్కడి రబ్బీలు, అంటే యూదు గురువులు చెప్పారు. పేర్ల అల్లిక మాత్రం శుద్ధ హీబ్రూదే. కాబట్టి మీ అబ్బాయికి మిఖాయేలు అని పెడితే దూత పేరును మనిషికి దించినట్టు కాదు, మనుషుల్లోనే ఉన్న పేరును మళ్లీ పెట్టినట్టు.

ఆడపిల్లలకు వీటి రూపాలు ఏవి?

మిఖాయేలు నుంచి మిషెల్, మికేలా. గబ్రియేలు నుంచి గాబ్రియెల్లా, గాబ్రియేల్. రఫాయేలు నుంచి రఫాయెలా. దూత అనే మాట నుంచి ఏంజెలా, ఏంజెలీనా, ఏంజెలికా, పోలిష్‌లో అనియెలా. సౌలు కుమార్తె, దావీదు భార్య అయిన మీకాలు పేరు మిఖాయేలుకు కుదించిన రూపమని కొందరు, చిన్న వాగు అని అర్థమని మరికొందరు చెబుతారు.

స్పానిష్ మాట్లాడే దేశాల్లో మరియా దె లోస్ ఆంహెలెస్ అనే పేరు ఉంది, ‘దూతల మరియ’ అని. పిలుపులో అది ఆంహెలెస్‌గా మిగులుతుంది. లాస్ ఏంజెలెస్ నగరం పేరు కూడా ఈ దారిలోదే. 1781లో ఆ ఊరు కట్టినప్పుడు పెట్టిన పొడవాటి పేరులో ‘దూతల రాణి’ అని మరియను తలచుకున్నారు. రాణి జారిపోయి దూతలు మిగిలారు.

ఏంజెల్ అమ్మాయి పేరా, అబ్బాయి పేరా?

తెలుగునాట దాదాపుగా అమ్మాయిల పేరే. మెక్సికో, స్పెయిన్, బల్గేరియాల్లో మాత్రం ఇది అచ్చమైన మగపేరు. ఇటలీలో ఆంజెలో మగవారి పేరు, పోపు ఇరవై మూడవ జాన్ అసలు పేరు ఆంజెలో రొంకాల్లి. గ్రీకు మాట వ్యాకరణంలో పుంలింగమే. అమెరికాలో పెరిగే తెలుగు పిల్లకు ఏంజెల్ అని పెడితే స్పానిష్ మాట్లాడే తోటి పిల్లల్లో ఆ పేరున్న అబ్బాయిలు తగలవచ్చు. దానివల్ల నష్టమేమీ లేదు, తెలిసి పెడితే మంచిది.

సెరాఫీనా, ఎవాంజలిన్ కూడా దూతల పేర్లేనా?

సెరాఫీనా అవును. యెషయా 6వ అధ్యాయంలో ఆరేసి రెక్కలతో సింహాసనం చుట్టూ నిలిచేవారు సెరాపులు. ఆ మాటకు ‘మండేవారు’ అని అర్థం. ఇంకో దూతల వర్గమైన కెరూబుల పేరు మాత్రం పేరుగా అంతగా అతకలేదు. రష్యాలో సెరాఫిమ్ మగవారి పేరు.

ఎవాంజలిన్‌లో ‘ఏంజెల్’ ధ్వని ఉన్నా అర్థం వేరు. మంచి కబురు, అంటే సువార్త. మనవరాలు ఎవాంజలిన్, నాయనమ్మ సువార్తమ్మ ఉన్న ఇల్లు గుంటూరులోనో ఖమ్మంలోనో మీకు తగిలితే, ఆ ఇద్దరిదీ ఒకే పేరని వారికి చెప్పండి.

ముస్లిం కుటుంబాల్లో దూతల పేర్లు ఏవి?

ఖురాన్ రెండో సూరా (అధ్యాయం)లో జిబ్రీల్, మీకాల్ పేర్లు పక్కపక్కనే వస్తాయి. జిబ్రీల్‌కు ‘రూహుల్ అమీన్’ అనే బిరుదు ఉంది, విశ్వసనీయమైన ఆత్మ అని. అది కూడా పేరుగా వాడుకలో ఉంది, కానీ అందులో దూత ఉన్నాడని చాలామందికి తట్టదు. బాకా ఊదే దూత ఇస్రాఫీల్.

హైదరాబాదులో బాగా వినిపించే రిజ్వాన్ స్వర్గద్వారపాలకుని పేరు. ఖురాన్‌లో ఈ మాట దేవుని ప్రసన్నత అనే అర్థంలోనే ఉంది, ద్వారపాలకుడి పేరుగా సంప్రదాయంలో స్థిరపడింది. నరకాన్ని కాపలా కాసే దూత మాలిక్. ఖురాన్ 43వ సూరాలో నరకవాసులు ఆయననే పిలిచి మొరపెట్టుకుంటారు.

ఆడపిల్లలకు మలక్, మలాయికా పెడతారు. మలాయికా అంటే ‘దూతలు’, బహువచనం. దూతలకు ఆడపేర్లు పెట్టేవారిని ఖురాన్ 53వ సూరా తప్పుపడుతుందని గుర్తు చేసి, కొందరు పండితులు అమ్మాయిలకు ఈ పేర్లు వద్దంటారు. అభ్యంతరం లేదనేవారూ ఉన్నారు. మీ ఇంటివారు ఎవరి మాట పాటిస్తారో వారినే అడగడం మేలు.

మలక్, మలిక్, మాలిక్ ఒకటేనా? మలక్‌పేటకు దూతలతో సంబంధం ఉందా?

మూడూ వేరు. మలక్ అంటే దూత. మలిక్ అంటే రాజు. మాలిక్ అంటే యజమాని. చివరి రెండూ ఒకే ధాతువు పిల్లలు. మలక్ మాత్రం ‘పంపడం’ అనే అర్థమున్న వేరే ధాతువు నుంచి, హీబ్రూ మలాఖ్‌తో పాటు పుట్టింది. నరకపు దూత మాలిక్‌కు దూత అన్న మాటతో చుట్టరికం లేదు, ఆయన పేరుకు యజమాని అనే అర్థం.

హైదరాబాదు మలక్‌పేటకు గోల్కొండ సుల్తాను కొలువులోని మలిక్ యాకూబ్ పేరు వచ్చిందని చెబుతారు. అంటే అది రాజు మాట, దూత మాట కాదు. దూతలపేట అని ఎవరైనా మురిసిపోతే వారి సరదా వారిది.

ఫరిష్తా అంటే?

పారసీకంలో ఫెరెష్తే, ఉర్దూలో ఫరిష్తా. ‘పంపబడినవాడు’ అని అర్థం. పాత ఇరానీ భాషలోని ఈ మాటా సంస్కృతంలోని ప్రేషితా ఒకే తల్లి బిడ్డలు. చూడండి, గ్రీకు, హీబ్రూ, అరబీ, పారసీకం, సంస్కృతం, ఎటు నుంచి వచ్చినా పంపడం, కబురు అనే రెండు భావాల దగ్గరే ఆగుతాం.

విజయనగర చరిత్ర చదివినవారికి ఫెరిష్తా కొత్త కాదు. బిజాపూరులో రెండవ ఇబ్రహీం ఆదిల్ షా కొలువులో పారసీక చరిత్ర రాసిన ముహమ్మద్ ఖాసిం కలంపేరు అది. 1565 నాటి యుద్ధం గురించి ‘ఫెరిష్తా ఇలా రాశాడు’ అని మన పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివామో. రామరాయల ఓటమి కబురు మనకు మోసుకొచ్చినవాడి పేరుకు దూత అనే అర్థం ఉండటం కాకతాళీయమే అయినా భలేగా కుదిరింది.

పరీ వేరు. పరీనాజ్, పరీజాద్ లాంటి పేర్లలో ఉన్నది దూత కాదు, అందగత్తె అయిన గాలిలోకపు కన్య. పార్సీల పవిత్రగ్రంథం అవెస్తాలో ఈ మాటకు మూలమైన ‘పైరికా’ కీడు చేసే మాయావిని. కాలక్రమంలో మంచిదైపోయింది.

పార్సీల పేర్లలోనూ దూతలు ఉన్నారా?

ఉన్నారు, మనకు చాలా దగ్గరివారు. జరతుష్ట్ర మతంలో అహుర మజ్దా చుట్టూ అమెష స్పెంతాలు, వారి కింద యజతలు ఉంటారు. ఆంగ్లంలో వీరిని దూతలనే అనువదించడం అలవాటు. బహ్మన్ అంటే మంచి మనస్సు. అర్దిబెహెష్ట్ అంటే శ్రేష్ఠమైన ఋతం (సత్యం, ధర్మం), ఆ రెండో సగం మన వసిష్ఠ శబ్దానికి తోబుట్టువు. మెహెర్ మన మిత్రుడే. సరోష్ అంటే వినడం, శ్రవణంతో చుట్టరికం. పారసీక కవులు సరోష్‌ను దివ్యలోకపు వార్తాహరుడిగా జిబ్రీల్‌తో కలిపేశారు. సికింద్రాబాదు, హైదరాబాదుల్లోని పార్సీ కుటుంబాల్లో మెహెర్, బెహ్రామ్ లాంటి పేర్లు వింటే యజతల పేర్లు విన్నట్టే.

అప్సర, గంధర్వ అనే పేర్లను హిందూ దేవదూతల పేర్లు అనవచ్చా?

అనకపోవడమే మంచిది. అప్సరసలు నీటితో ముడిపడినవారు, ఇంద్రుడి కొలువులో నర్తకులు. గంధర్వులు గాయకులు. కబురు మోయడం వీరి పని కాదు. పని ప్రకారం చూస్తే దూత అనదగినవాడు హనుమంతుడు. రామదూత అన్న మాట మన నోట నిత్యం ఉన్నదే. ఏంజెల్‌కు సమానమైన తెలుగు పేరు కావాలని ఎవరైనా పట్టుబడితే ఆంజనేయులు అని చెబుతాను. నవ్వుతారు, కానీ కాదనలేరు.

లూసిఫర్, అజ్రాయీల్ పేర్లు పెట్టవచ్చా?

లూసిఫర్ లాటిన్‌లో ‘వెలుగు తెచ్చేది’, అంటే వేకువచుక్క. యెషయా 14వ అధ్యాయంలో బబులోను రాజును ‘తేజోనక్షత్రమా, వేకువచుక్కా’ అని ఎత్తిపొడిచే చోట లాటిన్ బైబిలు ఈ మాట వాడింది. తరువాతి కాలంలో అది సాతానుకు అంటుకుంది. నాలుగో శతాబ్దిలో సార్దీనియా ద్వీపంలో లూసిఫర్ అనే బిషప్పు ఉన్నాడు, ఆయనను అక్కడ పునీతుడిగా కొలుస్తారు కూడా. ఇప్పుడు న్యూజిలాండ్ అధికారులు ఈ పేరు నమోదుకు ఒప్పుకోరు. అర్థం ఎంత చక్కనిదైనా పిల్లవాడు బడిలో భరించేది అర్థాన్ని కాదు కదా.

మరణదూతను ఖురాన్ ‘మలకుల్ మౌత్’ అనే అంటుంది, అజ్రాయీల్ అన్న పేరు సంప్రదాయంలోది. బైబిలులో అజ్రీయేలు అనే మనిషి ఉన్నాడు, ‘దేవుడు నా సహాయం’ అని. భయపడాల్సింది ఏమీ లేకపోయినా మన దగ్గర ఈ పేరు పెట్టుకునేవారు అరుదు.

జ్ఞానస్నానంలో ఏంజెల్ అనే పేరు ఒప్పుకుంటారా?

కతోలికుల్లో 1917 నాటి చట్టం ప్రకారం పునీతుల పేరు ఉండాల్సి వచ్చేది. తల్లిదండ్రులు వేరే పేరే కావాలంటే గురువు ఒక పునీతుని పేరు చేర్చి రెండూ రిజిస్టరులో రాయాల్సి వచ్చేది. మన కతోలిక కుటుంబాల్లో పిలుపు పేరు ఒకటి, జ్ఞానస్నానపు పేరు ఒకటి ఉండటానికి అదీ ఒక కారణం. 1983 చట్టం చాలా సడలించింది, క్రైస్తవ భావనకు విరుద్ధమైన పేరు కాకపోతే చాలు. ఏంజెలాకు పునీత ఆంజెలా మెరిచి ఉండనే ఉంది, 1535లో ఉర్సులైన్ కన్యల సమాజాన్ని స్థాపించినామె. మిఖాయేలు, గబ్రియేలు, రఫాయేలు ముగ్గురి పండుగ సెప్టెంబరు 29. కావలిదూతల పండుగ అక్టోబరు 2.

ఇక్కడే ఇంకో మాట. కొందరు తమ కావలిదూతకు పేరు పెట్టుకుంటారు, లేదా ఎవరో లెక్కగట్టి చెప్పిన పేరు నమ్ముతారు. వాటికన్ 2001లో వెలువరించిన భక్తిక్రియల మార్గదర్శిలో బైబిలులో ఉన్న మూడు పేర్లు తప్ప దూతలకు వేరే పేర్లు పెట్టే అలవాటును ప్రోత్సహించవద్దని ఉంది. పుట్టిన తేదీని బట్టి ‘మీ దూత పేరు’ చెప్పేవారికి డబ్బు ఇచ్చేముందు ఇది గుర్తుంచుకోండి.

మేము హిందువులం. జన్మనక్షత్రానికి ఈ పేర్లు కుదురుతాయా?

చాలామంది అడుగుతున్నారు, ఏంజెల్ అనే పేరు ఇప్పుడు మతంతో సంబంధం లేకుండా పెడుతున్నారు కాబట్టి. కృత్తిక నాలుగు పాదాలకు ఆ, ఈ, ఊ, ఏ అక్షరాలు. ఏంజెల్ అందులో నాలుగో పాదానికి సరిపోతుంది. గాబ్రియేల్‌కు ధనిష్ఠ మొదటి పాదం, మిఖాయేలుకు మఖ రెండో పాదం, రఫాయేలుకు చిత్త మూడో పాదం, రిజ్వాన్‌కు చిత్త నాలుగో పాదం దగ్గరగా వస్తాయి. కుదరకపోతే నామకరణానికి ఒక పేరు, బడికి ఒక పేరు పెట్టుకోవడం మనకు కొత్తేమీ కాదు.

అర్థం సరైనదో కాదో ఎలా తెలుసుకోవాలి?

ఆ పేరు ఏ భాషది, ఏ గ్రంథంలో ఏ అధ్యాయంలో మొదట కనిపిస్తుంది అని రెండు ప్రశ్నలు వేయండి. జవాబు లేని జాబితాను నమ్మకండి. ‘దేవదూత’ అని మాత్రమే అర్థం రాసి, ఏ భాషలోనో చెప్పని పేర్లలో సగం ఎవరో ఈ మధ్య కల్పించినవే. ‘యెల్’, ‘యెల్లా’ తగిలిస్తే చాలు దూత పేరైపోతుందనుకునే ధోరణి బాగా పెరిగింది.

తెలుగులోనూ ఆంగ్లంలోనూ ఎలా రాయాలి?

మైఖేల్, మిఖాయేలు, మీకాయీల్ ఒకే పేరు. చర్చి రిజిస్టరులో మిఖాయేలు అనీ ఆధార్‌లో మైఖేల్ పలుకుబడి ప్రకారం ఇంకో వర్ణక్రమంతోనూ ఉంటే, పాస్‌పోర్టు దగ్గర రెండూ ఒకరివేనని రుజువు చేయడానికి తిరగాల్సి వస్తుంది. గాబ్రియేల్‌లో ఆంగ్లంలో చివర ఒక ‘ఎల్’ ఉంటే అబ్బాయి, రెండు ‘ఎల్’లూ ‘ఇ’ ఉంటే అమ్మాయి అని విదేశాల్లో అర్థం చేసుకుంటారు, ఇదొకటి చూసుకోండి. పేరు తేలకపోతే కంగారు పడనక్కరలేదు. పేరు లేకుండానే జననం నమోదు చేయించి, నమోదైన తేదీ నుంచి 12 నెలల లోపు రుసుము లేకుండా పేరు చేర్చవచ్చు. ఆ తరువాత ఆలస్య రుసుము కట్టాలి.